అన్న డబ్బా, నా డబ్బా

మా అన్నకు పట్నంలో రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. పంతొమ్మిది వందల డెబ్బైల నడుమ ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. దుకాణం మూసి నార్సింగిలో మా ఇంటికే వచ్చేశాడు. చెయ్యి ఇంకా పనికొస్తుందో లేదో తేల్చుకుందామని పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో ఒక ప్రీ యాంప్లిఫయర్ కట్టడానికి కూర్చున్నాడు. రికార్డు నుంచి వచ్చే సన్నటి ధ్వనిని సరిచేసి ముందుకు పంపే డబ్బా అది. ఇది బాగా పలికితే ఊళ్లోనే మళ్లీ పని మొదలుపెడతానని వదినతో అన్నాడట.

స్పీకర్‌ను మోగించే పవర్ యాంప్లిఫయర్ నేను కట్టాను, ట్రాన్సిస్టర్లతో. అప్పుడే ఫ్యాక్టరీలో కొలువు దొరికినవాణ్ణి. వాల్వులంటే ముసలివాళ్ల వ్యవహారమని నా లెక్క. మిడిసిపాటు తప్ప నాకప్పుడు పెద్దగా ఏమీ రాదు.

ఆయనకు నెల పట్టింది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఒక్కో టంకం వేసేవాడు. ఒక ఆదివారం పొద్దున రెండు డబ్బాలూ కలిపి రికార్డు పెట్టాం. పాట పీలగా వచ్చింది. తబలా ఊసే లేదు, పాడేవాడికి జలుబు చేసినట్టుంది.

అన్న ముఖం పాలిపోయింది. అప్పుడు నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆయన డబ్బా ఊడదీసి, నా దానికి నా జేబు రేడియోను తగిలించాను. ఇల్లు దద్దరిల్లింది.

"నా దాన్ల ఏం లేదన్నా. నీ టంకాలే ఎక్కడనో సరిగ పడలే. చెయ్యి ఆడుతలేదు నీకు," అన్నాను.

"జర ఇంకోపారి చూడు తమ్మీ."

"ఇంకేం చూస్తం? ఇనబడ్తలేదా?"

అన్న సాయంత్రానికి పనిముట్లన్నీ గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టించాడు. మళ్లీ దించలేదు. ఎవరైనా రేడియో పట్టుకొస్తే, తనకు రాదని చెప్పి పంపేసేవాడు. ఆ మాట విన్నప్పుడు కూడా నాకు నా డబ్బా మీద అనుమానం రాలేదు.

ఏడాది దాటాక ఒకరోజు ఫ్యాక్టరీలో ఈ సంగతి చెబితే మా పెద్ద ఇంజనీరు నవ్వారు. ఆయనది కోస్తా.

"రెండూ బాగానే ఉన్నాయోయ్. వాల్వు డబ్బాకి ఎక్కువ బరువు మొయ్యడం చేతకాదు. నీది దాని శక్తికి మించి కరెంటు లాగుతోంది. రేడియో ఆ బరువు మోయగలదు కాబట్టి మోగింది. నీ డబ్బా ముందు ఇంకో చిన్న ట్రాన్సిస్టర్ వేసుకో, సరిపోతుంది."

సిగ్గుతో చచ్చిపోయాను. ఒక్క పూట పని అది. ఇంటికి వెళ్లి వేసి, అన్న డబ్బా దులిపి కలిపాను. పాట నిండుగా వచ్చింది, తబలాతో సహా. అప్పటికి అన్నకు రెండు చేతులూ నిలవడం లేదు. వదిన గ్లాసు పట్టుకుని చాయ్ తాగిస్తోంది.

"ఏం మార్చినవ్ తమ్మీ?"

"నీ దాన్ల ఏం ముట్టుకోలేదన్నా. తప్పంత నా దాన్లనే ఉండె."

పాట అయ్యేదాకా విన్నాడు. నన్ను తిడితే బాగుండు అనిపించింది.

"అంటే గప్పుడు నా చెయ్యి మంచిగనే ఉండె," అన్నాడు మెల్లగా. "ఇంకో ఏడాది పని చేసుకుంటుంటి."