మైకులో మా అత్త తిరగలి

మా అత్త నగలడిగితే ఇచ్చేది గానీ తిరగలిని ఇచ్చేది కాదు. ఎదురింటామె ఒకసారి మేం లేనప్పుడు వచ్చి గుప్పెడు ఉలవలు విసురుకుపోయిందని ఏడాది పొడుగునా ఆమెతో మాట మానేసింది. నేను ఇద్దరు పిల్లల్ని కన్నాక గానీ ఆ పిడి నా చేతికి రాలేదు. అలాంటి తిరగలిని నా మొగుడు ఊళ్లోకొచ్చిన పెద్దమనుషులకు ఇచ్చేశాడు.

అరవైల చివర సంగతి. విజయనగరంలో చరిత్ర సంఘమని ఒకటి ఉండేది. అందులో అందరూ ప్లీడర్లు, మేష్టర్లు. పాత సామాన్లు పోగేసి జనానికి చూపించి, వాటి మీద ఉపన్యాసాలు చెప్పేవారు. సాలూరు రోడ్డు మీదున్న మా ఊరికి జీపేసుకొచ్చి, పాతవేమైనా ఉన్నాయా అని ఇంటింటా అడిగారు. అత్త సముద్రం ఒడ్డున భావనపాడులో కూతురింటికి వెళ్లి ఉంది. మా ఆయన్ని ఎవరైనా 'మీరు' అంటే చాలు, ఒంటి మీది చొక్కా కూడా విప్పి ఇస్తాడు. వాళ్లు 'మీరు' అన్నారు.

నేను పొలం నుంచి వచ్చేసరికి తిరగలి ఉండాల్సిన చోట గుండ్రటి మచ్చ మాత్రం ఉంది.

"కొద్ది దినాలే అన్నారే. మళ్లీ తెచ్చి దింపెస్తారట."

"మీ యమ్మ ఆదివారం వచ్చెస్తాది. ఏటి సెప్తావు?"

"నువ్వు సెప్పు," అన్నాడు.

ఆదివారం పొద్దున్నే ఆయన్ని వెంటబెట్టుకుని విజయనగరం వెళ్లాను. ఎలాగూ వెళ్తున్నాం గదా, మిల్లులో ఆడించుకుందామని చోళ్ల మూట, అదే రాగులు, చంకన పెట్టుకున్నాను. బస్టాండుకి ఎదురుగా ఉన్న హాల్లో పెట్టారు ప్రదర్శన. తుప్పు కత్తులు, రామతీర్థం కొండ దగ్గర దొరికిన ఇటుకలు, వాటి పక్కన ఎర్రగుడ్డ పరిచిన బల్ల మీద మా తిరగలి. పైరాయికి ఒక చీటీ అంటించారు. నాకప్పటికి అక్షరం ముక్క రాదు. మా ఆయనకూ రాదు గానీ, చీటీ చూసి తల ఊపాడు.

"ఏటి రాసున్నాది?"

"మన గురించే."

సంఘం కార్యదర్శి, ఉపన్యాసం అయ్యేదాకా కదపడానికి వీల్లేదన్నాడు. నా చంకలో మూట చూసి మెత్తబడ్డాడు. "మా వక్త మాట్లాడేటప్పుడు కాస్త తిప్పి చూపించమ్మా. అయిపోగానే పట్టుకుపో."

బేరం బాగానే ఉంది. అత్త దిగేలోగా పని అయిపోతుందనుకుని కింద గోనె పరిపించి, తిరగలిని దింపించుకుని కూర్చున్నాను. పిండి పడే చోట శుభ్రంగా ఉండాలని ఎర్రగుడ్డ కూడా తీసి పరిచాను.

వక్త రాజుల దగ్గర మొదలుపెట్టాడు. నేను పిడి పట్టాను. జనం రాజుల్ని వదిలేసి నా చుట్టూ మూగారు. వెనక వాళ్లకి వినబడటం లేదని మైకు తెచ్చి రాయి పక్కన పెట్టారు. మా తిరగలికి ఒకచోట అంచు పెచ్చు ఊడింది. గుర్రుగుర్రుమని తిరిగి, ఆ చోటు రాగానే టక్కుమంటుంది. మైకులో ఆ టక్కు పిడుగు పడ్డట్టుంది. వక్త గొంతు పెంచాడు. ఆయన పెంచేకొద్దీ నేనూ జోరు పెంచాను.

హాలు బయట లౌడ్‌స్పీకరు కట్టారని నాకు తెలీదు. శ్రీకాకుళం బస్సు దిగిన మా అత్త, సాలూరు బస్సు కోసం ఎదురుగా బస్టాండులో కూర్చుందనీ తెలీదు.

ముందు ఎండుచేపల వాసన వచ్చింది. ఆ వెనక జనాన్ని తోసుకుంటూ, నెత్తిన మూటతో అత్త వచ్చింది.

"రోడ్డు మీదికే ఇనపడతన్నాది. నా తిరగలి సప్పుడు నాకు తెలీదేటి? ఒసే, ఎవుల్ని అడిగి ఊరేగించినావు?"

ఈ మాటలూ మైకులోంచి బస్టాండుకి వెళ్లాయి. నేను నా మొగుడి వైపు చూపించాను. ఆయన స్తంభం చాటున ఉన్నాడు గానీ, పొట్ట మాత్రం బయటే ఉంది.

"ఒరే, నువ్వా. ఇంటికి రా, నీ పని సెప్తాను."

బస్టాండు జనం సగం హాల్లోకి వచ్చేశారు. వక్త చేతులు కట్టుకుని, "అమ్మా, ఇది చరిత్ర. దీన్ని సంఘానికి వదిలేస్తే అందరూ చూస్తారు," అన్నాడు.

"మా యత్త నాకిచ్చింది బాబూ. నా తరవాత ఈ కోడలిదే. వొదిలీమంటే దీన్ని గూడా అట్టే పెట్టుకోండి. తిండెక్కువ, పని తక్కువ."

జనం నవ్వారు. అత్త మాత్రం పిండి వేళ్లతో నలిపి చూస్తోంది. "ఏటే ఇంత బరకగా ఇసిరినావు? ఇంతమందిలో పరువు తీసినావు. జరుగు."

మూట దింపి, నాకెదురుగా కూర్చుని పిడి పట్టుకుంది. పట్టుకున్నది వదలదు గదా, మూటలో చోళ్లన్నీ అయ్యేదాకా విసిరాం. సాలూరు బస్సు వెళ్లిపోయింది. ఉపన్యాసం ఎప్పుడైందో ఎవరూ చూడలేదు. సాయంత్రం సాలూరు లారీ ఒకటి ఆపి, తిరగలినీ పిండినీ చేపల్నీ ఎక్కించాం.

ఆ చీటీని మాత్రం అత్త పీకనివ్వలేదు. వచ్చిన వాళ్లందరికీ చూపించి, "మా యత్తగోరి కాలం నుంచీ రాసుంది," అనేది. మా ఆయనకి ఒకటే శిక్ష. కొన్నాళ్లపాటు ఆయన్ని 'మీరు' అంది.

చాలా ఏళ్లకి, మా ఊళ్లో పెద్దల బడి పెడితే నేను అక్షరాలు దిద్దుకున్నాను. ఇంట్లో చదవడానికి ఆ చీటీ తప్ప మరో కాయితం లేదు. పిండి తుడిచి, కూడబలుక్కుని చదివాను. మా గురించి ఒక్క ముక్క లేదు. 'ముట్టుకోరాదు' అని ఉంది.

అత్తకి చెప్పాను. నవ్వుతుందో, నా మీద విరుచుకుపడుతుందో అనుకున్నాను. కొంగుతో చీటీని మళ్లీ తుడిచింది.

"మంచి మాటే రాసినారు. ఎదురింటిదాన్ని పిలు. బిగ్గరగా సదువు."