అమ్మ బజ్జీల నూనె, నాన్న ఇంజన్

మా అమ్మ పర్చూరు బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీల బండి పెట్టి పన్నెండేళ్లు. నాన్నకు అది ఎన్నడూ గిట్టలేదు. మిరప రైతు పెళ్లాం రోడ్డు మీద బజ్జీలు వేయడం ఆయనకు తల కొట్టేసినట్టుండేది. ఎవరైనా అడిగితే మాట దాటేసేవాడు. పోయినేడు చేను పూత మీదున్నప్పుడు, "ఈ కోతలవ్వగానే బండి తీసేద్దాం" అని తేల్చేశాడు. అమ్మ తలొంచుకుని పిండి కలుపుకుంటూనే ఉంది. ఒళ్లు మండింది నాకే.

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. నోరు ఊరుకోదు. "ఆ బండిలో మిగిలిన కాగిన నూనెతోనే నీ ఇంజన్ నడిపిస్తా. నడిస్తే బండి ఉండాల్సిందే" అన్నాను. కాలవ నుంచి చేలోకి నీళ్లు తోడే ఆ డీజిల్ ఇంజన్‌ను నాన్న ఎవరినీ ముట్టుకోనివ్వడు. అయినా, గెలుపు తనదేనన్న ధీమాతో నవ్వాడు. "సరే. నడవకపోతే నువ్వే దగ్గరుండి బండి అమ్మించాలి" అన్నాడు.

పుస్తకంలో అంతా తేలికే. నూనె వడగట్టి వేడిచేసి, మిథనాల్లో కాస్టిక్ సోడా కరిగించి కలిపితే, జిగురు అడుక్కి దిగి పైన డీజిల్ లాంటిది తేలుతుంది. మొదటిసారి ఏదీ తేలలేదు. డబ్బా అంతా గడ్డపెరుగులా బిగుసుకుపోయింది. తీరా చూస్తే, నూనె ఇచ్చేముందు అమ్మ డబ్బా కడిగి, తడి ఆరకుండానే పోసిందట. నీళ్లు తగిలితే అది సబ్బయిపోతుంది.

"నిన్నెవరు కడగమన్నారే అమ్మా!" అని కసిరాను.

"టీచరమ్మవి, మురికి డబ్బా నీ చేతికెట్టా ఇస్తానే?" అంది.

అసలు నీళ్లు పోయేదాకా నూనె కాచాల్సింది నేను. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది.

రెండోసారి పెరట్లో పొయ్యి మీద చిటపటలు ఆగేదాకా కాచాను. నూనెలోని మిరప ఘాటు, కోరు లేచి ఇద్దరం దగ్గలేక చచ్చాం. కాస్త చల్లారాక మిథనాల్, సోడా కలిపి ఉంచాను. మర్నాడు పొద్దున చూద్దునుగదా, రెండు పొరలు! కింద నల్లబెల్లం పాకం, పైన తేనె రంగు. నేను వేసిన కేకకు అమ్మ పరుగెత్తుకొచ్చింది. పైదాన్ని తేర్చి, మిగిలిన సోడా పోయేలా నీళ్లతో కడిగి, తడి లేకుండా ఆరనిచ్చి చేలోకి పట్టుకెళ్లాం.

నాన్న హ్యాండిల్ తిప్పాడు. ఇంజన్ ఒకసారి దగ్గి ఆగిపోయింది. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు గుచ్చుకున్నాయి. ఆయన మళ్లీ తిప్పాడు. అందుకుంది! పైపులోంచి నీళ్లు దూకాయి, చేనంతా బజ్జీల వాసన. టీచర్నన్న సంగతి మరిచి గట్టు మీద గంతులేశాను. "ఏం నాన్నా, ఇప్పుడేమంటావ్?" అని అరిచాను.

ఆయన నా వైపు చూడనే లేదు. పక్క చేలో వాసనకు తలెత్తి చూస్తున్న రైతుకు వినబడేలా, ఇంజన్ చప్పుడును మించి కేకేశాడు.

"ఒరేయ్ బావా! మా ఆవిడకి బస్టాండులో బజ్జీల బండుందిరా! ఆ నూనెతోనే తిరుగుతోంది ఇది!"

అమ్మ నా చెయ్యి వదిలేసి, గట్టు మీదే కూర్చుని ఏడ్చేసింది.