రంగేసిన ముక్క

ఆరాంఘర్‌లో బస్సెక్కితే నా పక్కన ఒక పిల్ల కూర్చుంది. ఆమె గోళ్ల చుట్టూ ఊదా రంగు పట్టి ఉంది.

“ఏంది బిడ్డా, నాకు పెట్టకుంట నేరేడు పండ్లన్నీ నువ్వే తిన్నవా?” అన్నాను.

ఆమె నవ్వింది. “పండ్లు కాదు పెద్దమ్మా, దవాఖాన రంగు. రోగమేందో చూసెతందుకు మనిషి ఒంట్లకెల్లి కోసిన ముక్కను పల్చగ చెక్కి రంగేస్తం. రంగెయ్యకుంటే మైక్రోస్కోపుల అంత నీళ్లోలె ఉంటది, ఏం తెల్వది.”

పోయినేడు మా ఆయన చనిపోయే ముందు ఆయన గొంతులోంచి అట్లాగే ముక్క తీశారు. దాన్ని చెత్తలో పారేసి ఉంటారని, మనిషి కాష్టం మీద నిండుగా కాలలేదని నాకు ఒకటే దిగులు. ఎవరికీ చెప్పుకోలేదు గాని, ఆ పిల్లకు చెప్పాను.

“పారెయ్యరు పెద్దమ్మా. మిగిలింది మైనంల పెట్టి ఏండ్లకేండ్లు దాస్తరు. అడిగితే ఇస్తరు. కావాల్నా?”

“రంగేస్తే ఎట్లుంటది?” అని అడిగాను.

“గులాబి రంగు, నడుమ ఊదా చుక్కలు. మంచిగుంటది.”

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. హోలీ నాడు తలుపేసుకొని కూర్చునే మనిషి ఆయన.

“ఉండనియ్ బిడ్డా, అంతన్న మిగలనియ్” అన్నాను.

శంషాబాద్‌లో ఆ పిల్ల దిగిపోయింది. ఇప్పుడు ఎవరైనా మీ పెనిమిటి ఏం చేస్తాడని అడిగితే, లేడు అనబోయి నా నోరు కాస్త ఆగుతుంది.