ఆదివారం ఫోను

2023లో నేను తిరుపతిలోని ఒక ఆసుపత్రిలో సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. అలిపిరి దగ్గర టిఫిన్ సెంటర్ నడిపే చంద్రయ్య గారు, ఇంటర్ మొదటి సంవత్సరం చదివే కూతురు లావణ్యను తీసుకొచ్చారు. ఆ పిల్ల కొన్నాళ్లుగా దిగాలుగా ఉంటోంది, కాలేజీ మానేస్తానంటోంది.

నేను నోరు తెరిచేలోపే ఆయన తీర్పు చెప్పేశారు.

"మా అమ్మ గుణం మేడం. ఆమె కూడా ఇట్లే మూల కూర్చోనుండె. రక్తంలోనే ఉండాది, ఏం చేస్తాం."

ఆయన్ని బయటికి పంపాక లావణ్య నాయనమ్మను తలుచుకుని అసలు భయం చెప్పింది. "నేనూ మా జేజి మాదిరే అయిపోతానా మేడం? మా చెల్లెలు మాత్రం ఎప్పుడూ నవ్వతానే ఉంటాది."

చెల్లెలు శ్రావణి ఆమె కవల. పలమనేరులో మేనమామ ఇంట్లో పెరుగుతోంది. ఇద్దరూ ఐడెంటికల్ ట్విన్స్, అంటే ఒకే పిండం రెండుగా విడిపోయి పుట్టినవాళ్లు. జన్యువులు ఒకటే. ఇది వినగానే నాకు హుషారొచ్చింది.

"మరి ఆ రక్తం ఘాట్ రోడ్డెక్కి పలమనేరు పోగానే మారిపోయిందా?" అని చంద్రయ్య గారిని అడిగాను. శ్రావణిని కూడా తీసుకురమ్మన్నాను.

ఆ పిల్లకు ఏ దిగులూ ఉండదన్న నా అంచనాను వచ్చీ రాగానే తలకిందులు చేసింది. "నాకూ ఏడుపొస్తాది మేడం. ఆదివారం నాయన ఫోన్ చేసి స్పీకర్ పెట్టి ఇద్దరి మార్కులూ చదివి, ఎవరు ముందో ఎవరు వెనకో చెప్తాడు. ఫోన్ పెట్టేసినాక ఏడుపే. అంతలో మా అత్త పేడ తియ్యమంటాది. ఆడికి పోతే దూడ మొహమంతా నాకేస్తాది. ఇంక యాడ ఏడ్చేది?"

లావణ్య పగలబడి నవ్వింది. "నాకొక్కదానికే అనుకున్న్యానే" అంది కళ్లు తుడుచుకుంటూ. ఆ నవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

తొందరగా నొచ్చుకునే టెంపరమెంట్, అంటే పుట్టుకతో వచ్చిన మనసు తీరు, ఇద్దరిదీ ఒకటే. పలమనేరులో ఫోను పెట్టేయగానే ఆ మార్కుల పోలిక ముగిసేది. అలిపిరిలో మాత్రం నాన్న ఎదురుగానే ఉండటంతో రాత్రి భోజనందాకా సాగేది. చంద్రయ్య గారికి ఇదే చెప్పాను.

"పోటీ పెడితే బాగా చదువుతారనుకుంటిని" అన్నారాయన చిన్నబోయి. "ఇంక ఫోన్లో ఏం మాట్లాడాల మేడం?"

"దూడ గురించి అడగండి."

లావణ్య కొన్ని నెలలు కౌన్సెలింగ్‌కు వచ్చింది, కాలేజీ మానలేదు. ఒకరోజు చంద్రయ్య గారు ఇడ్లీ పొట్లంతో వచ్చి, దూడకు పేరు పెట్టడంలో అక్కచెల్లెళ్లిద్దరూ ఫోన్లో గంటసేపు పోట్లాడుకున్నారని మురిసిపోతూ చెప్పారు.

ఇప్పుడు ఎవరైనా "మా వంశమే ఇంత" అంటే నేను వాదించను. సరేనని తలూపి, ఆదివారం మీ ఇంట్లో ఎలా గడుస్తుందో చెప్పమంటాను.