పెడల్ మీద లేని కాలు

ఫోరస్ రోడ్ పక్క సందులో మా అన్నకు చిన్న స్టీలు కార్ఖానా ఉంది. హోటళ్ళ వంటగదుల్లో వాడే బల్లలు, అరలు, సింకులు చేస్తాడు. రేకు వంచే పని మాత్రం ఇన్నాళ్ళూ బయట చేయించేవాడు. కోసిన రేకులను టెంపోలో పంపడం, అవి గీతలు పడి తిరిగి రావడం, కోణం తప్పితే మళ్ళీ పంపడం. ఒక వర్షాకాలంలో ఈ తిప్పలవల్ల రెండు పెద్ద పనులు చేజారాక, బెండింగ్ మిషన్ సొంతంగా కొనాల్సిందేనని పట్టుబట్టాడు. కొత్తది మా శక్తికి మించినది. ఇక్కడ అమ్మకానికి ఉన్న పాతవి రెండు చూశాం. రెండింటికీ తుప్పు మీద రంగు కొట్టారు. చివరికి ఫోన్‌లో వెతికి వెతికి ఇటలీలో ఒక చిన్న ఊళ్ళో పాత యంత్రాలు అమ్మే ఒకావిడను పట్టుకున్నాడు.

ఆమెతో ఇంగ్లీషులో మాట్లాడే పని నాది. నేను గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర ఒక పళ్ళ డాక్టరు ఆస్పత్రిలో పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చుంటాను. మధ్యాహ్నం రోగులు తగ్గాక ఆమెకు మెయిల్ రాసేదాన్ని. మిషన్ మీద ఉన్న నంబరు పలక ఫొటో అడిగాను, పంపింది. వెనక వైపు, అడుగు భాగం, నూనె ట్యాంకు చూపించమన్నాను, అవీ పంపింది. అయినా నాకు భయంగానే ఉండేది. చేత్తో తాకి చూడని వస్తువు, ఎప్పుడూ చూడని మనిషి. పైగా సోమవారం ఇంకొకరు చూడ్డానికి వస్తున్నారని ఆమె రాసినప్పటి నుంచి అన్న కుదురుగా ఉండలేదు. శనివారం వీడియో కాల్‌లో మిషన్ నడిపి చూపిస్తానంది. అది చూసి ఔనో కాదో చెప్పాలి.

ఆ కాల్‌లో తానూ కూర్చుంటానన్నాడు నాయిన.

ఆ మాట విని నేనూ అన్నా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాయిన పడుచుతనంలో బెండింగ్ మిషన్ మీదే పనిచేశాడు. పొడుగు రేకు వంచాలంటే ఇద్దరు కావాలి. ఒక కొసను నాయిన పట్టుకునేవాడు, రెండో కొసను ఆయన దోస్తు. మహబూబ్‌నగర్ జిల్లాలో ఇద్దరిదీ ఒకే ఊరు, పనికి వలస వచ్చాక కామాటిపురలో ఒకే చాల్‌లో గదులు. మిషన్‌లో పైనుంచి దిగే ఉక్కు దూలం ఉంటుంది, కింద పెడల్ ఉంటుంది. పెడల్ తొక్కితే దూలం దిగి రేకును వంచుతుంది. పెడల్ దగ్గర ఉండేది నాయినే. ఒకరోజు దోస్తు చెయ్యి ఇంకా లోపల ఉండగానే దూలం దిగింది. కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. నాయిన చూసుకోకుండా తొక్కాడని కార్ఖానాలో అన్నారు, చాల్‌లో అన్నారు. నాయిన కాదనలేదు. ఆ మర్నాటి నుంచి ఆ పని మానేసి, రిటైరయ్యేదాకా ఒక ఆఫీసు బిల్డింగ్‌కు వాచ్‌మన్‌గా ఉన్నాడు. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

శనివారం మధ్యాహ్నం ముగ్గురం మా గదిలో తలుపు దగ్గరకు వేసుకుని కూర్చున్నాం. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి పెట్టాను. ఇటలీలో అప్పుడే పొద్దున. ఆమెకు యాభై ఏళ్ళుంటాయి, పొట్టి జుట్టు, చీలమండల దాకా బరువైన బూట్లు. మిషన్ ఆన్ చేసి ఒక రేకు వంచింది. కోణాన్ని రెండు కొసల్లోనూ మధ్యలోనూ కొలిచి, కోణమానిని కెమెరా ముందు పెట్టింది. మూడు చోట్లా ఒకటే లెక్క. అన్న మొహం వెలిగిపోయింది. అడ్వాన్స్ పంపుతామని చెప్పెయ్ అన్నట్టు నా మోచేతిని తట్టాడు.

అప్పుడు నాయిన అన్నాడు:

"మోటరు చాలూ ఉంచి, దూలం పైకి లేపి వదిలెయ్యమను బిడ్డా. పది నిమిషాలు. ఎవ్వలు ముట్టద్దు. ఆమె కాళ్ళు, పెడలు, దూలం, మూడూ ఒక్కసారే కనపడాలె."

అన్నకు కోపం వచ్చింది. గొంతు తగ్గించి, కోణం సరిగ్గా వచ్చింది కదా, కాళ్ళు చూపించమంటే ఆమె ఏమనుకుంటుంది, విసుగొచ్చి సోమవారం వచ్చేవాడికి ఇచ్చేస్తే ఏం చేస్తామన్నాడు. నాయిన ఫోన్ మీద నుంచి చూపు తిప్పలేదు. "నాకు చూడాలె" అన్నాడు, అంతే.

నేను అడిగాను. ఆమె క్షణం ఆలోచించి, కారణం అడక్కుండానే సరేనంది. ఫోన్‌ను ఒక స్టాండుకు తగిలించి, మిషన్‌కు దూరంగా వెళ్ళి, తన బూట్లు కూడా కనిపించేలా నిలబడింది. పెడల్ ఖాళీగా ఉంది. దూలం పైన ఆగి ఉంది. మోటరు రొద తప్ప ఏ చప్పుడూ లేదు.

కదలని బొమ్మను పది నిమిషాలు చూడడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. బయట వరండాలో ఎవరో బకెట్లు ఈడుస్తున్నారు. అన్న ఒక కాలు ఊపుతూ గడియారం చూస్తున్నాడు. నేను మాటిమాటికీ సిగ్నల్ చూసుకుంటున్నాను. నాలుగో నిమిషంలో కాబోలు, నాయిన మెల్లగా, మాతో కాదన్నట్టు మొదలుపెట్టాడు.

"ఆ దినం నా కాలు పెడల్ మీద ఉన్నదో లేదో నాకు తెల్వదు."

అన్న కాలు ఊపడం ఆపాడు.

"అందరు నేనే తొక్కిన అన్నరు. ఇంకెవ్వలు తొక్కుతరు, నేనే అయ్యుంట అనుకున్న. కానీ యాది చేసుకుంటె తొక్కినట్టు యాదికి రాదు. తొక్కనట్టు గూడ రాదు."

ఆయన పక్కకు జరిగి కూర్చున్నాను. ఆరు నిమిషాలయ్యాయి. ఏడయ్యాయి. అంతా బాగానే ఉందని, ఇంకాసేపట్లో అయిపోతుందని నా మనసు తేలికపడుతోంది.

ఎనిమిదో నిమిషంలో దూలం పడింది. మెల్లగా దిగలేదు. ఉన్నట్టుండి జానెడు కిందికి వచ్చి ధడ్‌మని ఆగింది. ఆమె తన భాషలో ఏదో అరిచి, పరిగెత్తి మోటరు ఆపింది. పెడల్ ఖాళీగానే ఉంది. ఆమె బూట్లు అంతసేపూ ఉన్నచోటే ఉండడం ముగ్గురమూ చూశాం.

నాయిన లేచి నిలబడ్డాడు. గోడకు చెయ్యి ఆనించి, "కాలు లేదు" అన్నాడు. ఇంకోసారి అన్నాడు. తర్వాత కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఆమె కెమెరా ముందుకు వచ్చినప్పుడు మొహంలో రక్తం లేదు. నిన్న ఆ దూలం కింద తానే చేతులు పెట్టి తుడిచానంది. రెండేళ్ళుగా నడవకుండా ఉన్న మిషన్ అట. దూలాన్ని పైన నిలిపి ఉంచే నూనెలో మడ్డి చేరి వాల్వు పట్టేసి ఉంటుందని, వాల్వులు మార్చి నూనె మార్చేదాకా దాన్ని ఎవరికీ అమ్మనని, సోమవారం వచ్చే వాళ్ళకు కూడా ఇదే చెబుతానని అంది. నేను ఒక్కో ముక్కా తెలుగులో చెప్పాను.

కాల్ అయ్యాక అన్న ఇక ఈ మిషన్ వద్దన్నాడు. మిషన్ వస్తే దాని ముందు నిలబడేది అతనే. నేనూ వద్దనే అన్నాను. నాయినే ఒప్పుకోలేదు.

"పడ్డది పడ్డట్టు చూపిచ్చింది. కెమెరా బంద్ చెయ్యలే, బహానా చెప్పలే. వాల్వు మార్చొచ్చు, గసొంటి మనిషి మళ్ళ దొరకది. కొంటె ఈమె దగ్గర్నే కొనాలె."

మూడు వారాల తర్వాత ఆమె మళ్ళీ కాల్ చేసింది. తీసేసిన వాల్వులనూ కొత్తవాటినీ పక్కపక్కన పెట్టి చూపించి, మేం అడక్కముందే దూలం పైకి లేపి దూరంగా నిలబడింది. ఈసారి అరగంట. దూలం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఏమేం మార్చిందో బిల్లు మీద రాయించుకుని, నంబరు పలక నంబరు కూడా అందులో వేయించి, అప్పుడు ఔనన్నాం.

మిషన్ ఓడలో ఉన్న రోజుల్లో నాయినను ఒకటి అడిగాను, దోస్తుకు ఈ సంగతి చెప్పవా అని. మేం మామ అని పిలిచే ఆ దోస్తు ఫాక్‌లాండ్ రోడ్ వైపు చాల్‌లోకి ఎప్పుడో మారిపోయాడు. పెళ్ళిళ్ళలో కనబడితే ఇద్దరూ చెరో వరసలో కూర్చుంటారు.

"ఏమని చెప్పాలె? ఏడనో వేరే మిషన్ పడ్డదని చెప్పాలెనా?" అన్నాడు నాయిన. ఆయన పనిచేసిన మిషన్ ఏనాడో తుక్కు కింద పోయింది. దాన్ని అడిగి తెలుసుకునే వీల్లేదు.

మిషన్ వచ్చిన రోజు దుకాణాలు తెరవకముందే చిన్న క్రేన్ తెప్పించి సందులోకి దించాం. రెండు గోడల మధ్య అది ఊగుతుంటే కిటికీల్లోంచి అందరూ చూశారు. గోనెపట్టాలు విప్పగానే అన్న మొదట నంబరు పలక దగ్గరికే వెళ్ళాడు. అదే నంబరు. కరెంటు ఇచ్చాక, ఎవరూ చెప్పకుండానే దూలం పైకి లేపి, ఒక స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. నాయిన పక్కన నిలబడ్డాడు. గంటసేపు ఇద్దరూ అక్కడే ఉన్నారు. దూలం కదల్లేదు.

ఆ సాయంత్రం నాయిన చొక్కా మార్చుకుని, నన్ను తోడు రమ్మన్నాడు. ఫాక్‌లాండ్ రోడ్ చాల్‌లో మూడో అంతస్తు. మామ వరండాలో కూర్చుని ఎడమచేత్తో చాయ్ తాగుతున్నాడు. నాయిన కూర్చోకుండానే అంతా చెప్పాడు, ఇటలీ ఆమె, పది నిమిషాలు, ఖాళీ పెడల్, అన్నీ. చివర, అయినా ఆ రోజు ఏమైందో తనకు ఇప్పటికీ తెలియదన్నాడు.

మామ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఆయన తిడతాడేమోనని నేను రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను.

"నేను రేకు దిక్కు చూస్తుంటి. నీ కాలు దిక్కు చూస్తుంటినా?" అన్నాడు చివరికి. "వేళ్ళ కోసం కాదు నా కోపం. దవాఖాన్ల పది దినాలున్న. నువ్వొక్కసారి రాలే."

"నా మొహం జూస్తవనుకోలే."

"కూసో" అని మామ లోపలికి చూసి ఇంకో చాయ్ తెమ్మన్నాడు.

రెండు రోజులకు మామ కార్ఖానాకు వచ్చాడు. మిషన్ చుట్టూ తిరిగి, కొత్త వాల్వులు ఏవో చూపించమని, ఆపే స్విచ్చి ఎక్కడుందని అడిగాడు. పెడల్ పక్కనే ఉందని అన్న చూపించాడు. మామ రెండో కొసకు నడిచాడు. రేకు పట్టుకునే మనిషి నిలబడే చోట నిలబడి, వేళ్ళు లేని చేతిని చాచాడు. స్విచ్చి అందదు.

"ఈడ గూడ ఒకటి పెట్టు కొడకా" అన్నాడు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి అక్కడ రెండో స్విచ్చి బిగించేదాకా అన్న ఒక్క రేకు కూడా వంచలేదు.