చెప్పులు కింద ఉంటే లేపకూడదు

2001 ఎండాకాలం. రేణిగుంట దాటాక కడప రోడ్డు పక్కన మా పూరిపాక హోటలు. మా ఆయన అక్కడే పంక్చర్లు వేసేవాడు. ఆయన పోయాక నేను పొయ్యి పెట్టుకున్నాను. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెప్తుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

హోటలు పక్కన ఖాళీ జాగాలో లారీలు ఆగేవి. డ్రైవర్లు దాన్ని హాల్టు అంటారు. తినడానికి, కాసేపు కన్ను మూయడానికి బండి ఆపే చోటు. దానికీ ఒక మర్యాద ఉంది. ముందు భాగం రోడ్డు వైపు పెట్టి, పక్క బండి తలుపు తెరుచుకునేంత సందు వదిలి ఆపాలి. చక్రానికి అడ్డం పెట్టిన రాయిని వెళ్ళేటప్పుడు పక్కకు తీసి వెయ్యాలి. అన్నిటికన్నా పెద్ద మర్యాద చెప్పులది. క్యాబిన్ మెట్టు కింద చెప్పుల జత కనిపిస్తే లోపల డ్రైవరు నిద్రపోతున్నట్టు. ఇక హారన్ కొట్టకూడదు, తలుపు తట్టకూడదు. కన్నతల్లి వచ్చినా వాడే లేవాలి.

ఆ రోజు మధ్యాహ్నం జాగా నిండిపోయింది. ఇంకొక బండికి చోటు ఉండాల్సిందే కానీ, దొరస్వామి అనే డ్రైవరు తన లారీని అడ్డంగా పెట్టేశాడు. ఎండ మండిపోతోంది. క్యాబిన్ మీదికి వేపచెట్టు నీడ రావాలని అట్లా పెట్టాడు. ఇద్దరి చోటు ఒక్కడే తినేశాడు. కింద చెప్పులు, లోపల గురక.

అప్పుడు వచ్చాడు మునిరత్నం. ఐరాల మనిషి, బెల్లం లోడు తోలుతాడు. నన్ను నోరారా అక్కా అని పిలిచేవాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. క్లీనరు జ్వరమొచ్చి ఊళ్ళోనే దిగిపోయాడట. పక్కన కూర్చుని మాట్లాడుతూ మెలకువగా ఉంచే మనిషి లేడు.

"టీ ఇయ్యక్కా, గట్టిగా. రొండు రాత్రులాయ కన్ను మూసి."

"అయితే ఈడ పండుకుని పో నాయనా."

"యాడ పండుకునేది? సూడు, ఆ మారాజు బండిని పెళ్ళిమంచం ఏసినట్టు ఏసినాడు!" అని నవ్వాడు.

"ఉండు, లేపుతా."

"వొద్దక్కా. చెప్పులు కింద ఉండాయి గదా. వాడూ నా మాదిరి వోడే. ఎన్నాళ్ళకు పండుకున్నాడో ఏమో."

"రోడ్డు పక్కనే ఆపుకో మరి."

"బండి వెనకంతా రోడ్డు మీదే ఉంటాది. ఎవుడన్నా వొచ్చి గుద్దితే వాడి పెండ్లాం బిడ్డలు ఏమైపోవాల? అడివి దాటినాక జాగా ఉండాది, ఆడ పండుకుంటాలే."

సంగటి పెడతానన్నాను. కడుపు నిండితే నిద్ర ముంచుకొస్తుందని వద్దన్నాడు. తొట్టి దగ్గర మొహం కడుక్కుని, తడి తువ్వాలు తలకు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

పొద్దు వాలకముందే కడప వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవరు కబురు తెచ్చాడు. అడవిలో బెల్లం లారీ కల్వర్టు గోడను గుద్దింది. మునిరత్నం అక్కడికక్కడే పోయాడు.

నా చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే దొరస్వామి లేచి ఒళ్ళు విరుచుకుంటూ వచ్చాడు.

"ఏమక్కా, ఈ పొద్దు ఒక్కడూ హారన్ కొట్టలేదే! నా పెండ్లాం ఇంట్లో గూడా ఇట్టా పండనీదు."

సంగతి చెప్పాను. మునిరత్నం ఏమన్నాడో అదీ చెప్పాను. దొరస్వామి తన చెప్పుల వైపు చూస్తూ నేల మీద కూలబడ్డాడు. నేను పోసిన టీ చల్లారిపోయింది, ముట్టుకోలేదు.

కర్మకాండలయ్యాక మునిరత్నం పెళ్ళాం తన అన్నను తోడు తీసుకుని వచ్చింది. మనిషి పుల్లలా ఉంది. మొగుడు కడసారి ఆగిన చోటు చూసిపోదామని వచ్చింది. ఆ సమయానికి దొరస్వామి కూడా హోటల్లోనే ఉన్నాడు.

"ఈడ అన్నం తినేసి పోయినాడా అక్కా?"

అబద్ధం చెప్దామని నాలుక దాకా వచ్చింది. ఆ మొహం చూశాక చెప్పలేకపోయాను. "లేదమ్మా. టీ తాగినాడు. తింటే నిద్దరొస్తాదన్నాడు."

"అంత నిద్దరొస్తాంటే ఈడే పండుకోవచ్చు గదా! ఏల పోయినాడు?"

నేను నోరు తెరవకముందే దొరస్వామి లేచి నిలబడ్డాడు. "నా వల్లే తల్లీ. నీడ కోసరం బండి అడ్డం ఏసి పండుకున్నా. ఆయప్పకు జాగా లేకుండా చేసినా."

వాళ్ళ అన్న గబుక్కున వచ్చి వాడి చొక్కా పట్టుకున్నాడు. ఆమె తన అన్న చెయ్యి పట్టి ఆపి, దొరస్వామిని అడిగింది. "నిన్ను లేపలేదా?"

"లేపనీలేదంట తల్లీ. అక్క లేపుతానన్నా వొద్దన్నాడంట."

ఆమె వేపచెట్టు వైపు చూసింది. "ఇంట్లోనూ అంతే," అంది. "బిడ్డ పండుకునుంటే చెంబు గూడా చప్పుడు కానియ్యడు." అప్పుడు ఏడ్చింది. మొగుడు పోయిన ఏడుపు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. పక్కన కూర్చున్నాను కానీ ఓదార్చలేదు.

తర్వాత చాలా ఏళ్ళు నేను ఆ హోటలు నడిపాను. దొరస్వామి వస్తూనే ఉండేవాడు. ఎంత ఎండైనా నీడలో మాత్రం బండి పెట్టేవాడు కాదు. ఓ మూలకు ఒదిగి, ఇంకొక బండికి చోటు వదిలి పెట్టేవాడు.

నిద్రపోయేవాణ్ణి లేపకపోవడం మంచి మర్యాదే. కానీ మేమందరం పడుకున్నవాడి నిద్రనే చూశాం. నిలబడ్డవాడి నిద్ర ఎవరి కంటికీ ఆనలేదు. అందుకే ఆ రోజు నుంచి మా హాల్టులో చెప్పుల మర్యాద నేనే చెరిపేశాను. ఎవడైనా అడ్డంగా పెట్టి పడుకుంటే, గరిటె తీసుకుపోయి క్యాబిన్ తలుపు మీద దబదబా బాదేదాన్ని. వాళ్ళు నిద్రమత్తులో బూతులు తిట్టేవాళ్ళు. తిట్టనీ అనుకునేదాన్ని.

"లెయ్ నాయనా, లెయ్," అనేదాన్ని. "ఇంగొకడు నిద్దరకు నిలబడుండాడు."