ఉత్త బట్టీలో మంట

“ఒక్క రాయి కోసం బట్టీ ముట్టిస్తవా? ఒక్క అప్పడం కాల్చేటందుకు ఎవలన్న పొయ్యి రాజేస్తరానే?”

“అవ్వా, ఇది ఆట. కంప్యూటర్ల మంట. నీ ఇంట్ల కట్టెలేం కాలుతలేవు.”

“ఎవలింట్ల కాలితేంది? కట్టె కట్టెనే. రాయి ఎప్పుడో కరిగె, దుంగ ఉత్తగనే మండవట్టె. జూస్తలేవా?”

“జర జరుగు. తెర మీద నీ నీడ వడుతాంది.”

నేను జరగలేదు. నా మనవరాలు గడ్చిరోలిలో కాలేజీ చదువుతూ సెలవులకు సిరొంచ వచ్చింది. మర్నాడు పొద్దున ఆరింటి బస్సుకు తిరిగి వెళ్లాలి. ఆలోపు ఆటలో ఇనుప వంతెన కట్టి తీరాలని దాని పంతం. హాస్టల్లో కంప్యూటర్ లేదు. ఇవాళ కాకపోతే మళ్లీ దీపావళి సెలవుల దాకా ఆగాలి. మా ప్రాణహితకే అప్పటికి వంతెన లేదు, పడవల్లో దాటేవాళ్లం. ఈ పిల్ల లేని నదికి కడుతోంది.

వంతెనకు ఇంకా ఇరవై ఇనుప కడ్డీలు కావాలి. మధ్యాహ్నమంతా కూర్చుని తవ్విన ఇనుప రాళ్లలో, ఆ కరిగింది పోను, సరిగ్గా ఇరవై ఉన్నాయి. కరిగించడానికి మాత్రం ఐదు దుంగలే మిగిలాయి. ఒక్కో దుంగకు ఒకటిన్నర రాయే కరుగుతుందట. ఈ ఒడ్డున ఉన్న చెట్లన్నీ వారం రోజుల్లో తనే నరికేసింది. మిగతా చెట్లు అవతలి ఒడ్డున ఉన్నాయట. అక్కడికి పోవాలంటే వంతెన కావాలి. వింటుంటే నాకు ఒళ్లు మండింది.

నేను చదివింది మూడో తరగతి. పొయ్యి ముందు కూర్చున్నది యాభై ఏళ్లు. మా ఇంట్లో అన్నం ఉడికాక నిప్పుల్ని బూడిద కానివ్వను. పాత కుండలో వేసి మూత పెడతాను. గాలాడక ఆరిపోయి బొగ్గులవుతాయి. ఈ పిల్ల బడి బట్టలన్నీ ఆ బొగ్గులతోనే ఇస్త్రీ చేశాను.

“కమ్మరాయన కొలిమిల కట్టె వెడతడా, బొగ్గు వెడతడా?”

“బొగ్గే.”

“మరి ఆయన కంటె నువ్వు ఎక్కువ జదివినవా? ముందుగాల దుంగల్ని బొగ్గు జెయ్యి.”

నా నోరు మూయించడానికే చేసింది. రెండు దుంగలు మంటకు వేసి, మూడింటిని బట్టీలో కాల్చింది. మూడు బొగ్గులు వచ్చాయి. మొదటి బొగ్గే ఎనిమిది రాళ్లను కరిగించింది. పిల్ల కుర్చీలో నిటారుగా కూర్చుంది.

“అవ్వా, గిది నీకెట్ల ఎర్క?”

“మాటలు బంద్ వెట్టి రాళ్లెయ్యి. ఒక్కొక్కటి గాదు, కుప్పగ.”

సాయంత్రానికి ఇరవై కడ్డీలూ వచ్చాయి. “ఇగ వంతెన గట్టుడే” అంటూ పిల్ల ఆరిన బట్టలు తీయడానికి పెరట్లోకి పోయింది. తెర మీద బట్టీ ఇంకా మండుతోంది. మూడో బొగ్గుకు నాలుగు రాళ్లే దక్కాయి మరి. ఇంకో నాలుగు రాళ్ల మంట లోపల ఏమీ లేకుండా కాలిపోతోంది.

కాసేపు ఓర్చుకున్నాను. పిలిచాను, పలకలేదు. ఆ బట్టీకి మూత ఎక్కడుంటుందో నాకు తెలియదు. ఆ డబ్బాకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసు. గోడ మీది స్విచ్ ఆపేశాను. మంట ఆరింది. ప్రాణం నిమ్మళించింది.

పిల్ల బట్టల మోపుతో వచ్చి నల్లటి తెరను చూసింది.

“కరెంటు వొయిందా అవ్వా?”

“లేదు, నేనే ఆర్పిన. ఉత్తగ మండుతుండె.”

బట్టలు కింద పడ్డాయి. మళ్లీ పెట్టి చూస్తే ఆట మధ్యాహ్నం రాళ్లు తవ్వకముందు సేవ్ చేసి దాచుకున్న చోటికి పోయింది. కడ్డీలు లేవు, తవ్విన రాళ్లూ లేవు.

“దుంగలైతే మిగిలినయ్ గదా,” అన్నాను.

“నువ్వు నాతోని మాట్లాడకు!”

అంతలో తెర మళ్లీ నల్లబడింది. ఫ్యాను కూడా ఆగింది. లోడ్ షెడ్డింగ్.

“గిది నేను గాదు,” అన్నాను.

మర్నాడు పొద్దున ఐదింటికి కరెంటు ఉంది. పిల్ల లేచి మళ్లీ రాళ్లు తవ్వింది, ముందు బొగ్గు చేసింది, కడ్డీలు తీసింది, ఎనిమిదింటికి వంతెన పూర్తి చేసింది. నేను తను చూపించిన చోట, స్విచ్‌కు దూరంగా, తలుపు పక్కన కూర్చున్నాను. చివర్లో ఉత్త బట్టీ మండుతుంటే ముఖం గోడవైపు తిప్పుకున్నాను. ఆరింటి బస్సు ఎప్పుడో పోయింది. తొమ్మిదింటి బస్సు ఎక్కించి వచ్చాను.